వెళ్లిందా?

2015 జులై 10న 'బాహుబలి' చూసి బయటికొచ్చిన దగ్గర్నుంచీ నా బతుక్కి ఒకటే ప్రశ్న. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? టీ బంకు దగ్గర మూడు సిద్ధాంతాలు ప్రతిపాదించాను. పెళ్లిచూపుల్లో "అమ్మాయిని ఏమైనా అడుగు బాబూ" అంటే అదే అడిగాను. అయినా పెళ్లి జరిగింది.

2017 మార్చి 17న పాప పుట్టింది. మర్నాటికల్లా ప్రశ్న మారిపోయింది. వెళ్లిందా?

ఆఫీసు నుంచి పూటకి రెండు ఫోన్లు. "వెళ్లిందా? ఏం రంగు? పసుపా, ఆకుపచ్చా? నిన్నటిదీ అదేగా!" పక్క సీటాయన వారం రోజులు విని, ఉండబట్టలేక "మా ఆవిడా అంతేనండీ, రోజుకో చీర" అన్నాడు. సరిదిద్దలేదు. చీరలంటేనే కాస్త మర్యాదగా ఉంది.

ఆ ఏప్రిల్ నుంచే తల్లులకి ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలు చేశారు. ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి చట్టం ఇచ్చింది సున్నా. మా మేనేజరు దయతలచి మూడు రోజులిచ్చి, "రెస్ట్ తీసుకో" అన్నాడు. బ్రహ్మచారి, ఆయనకేం తెలుసు!

రెండో భాగం ఏప్రిల్ 28న. మొదటి ఆటకి టిక్కెట్టు సంపాదించాక టీకాల కార్డు చూశాను. పాపకి సరిగ్గా ఆరు వారాలు. పెంటావాలెంట్ సూది ఆ రోజే. "సినిమా రేపూ ఆడుతుంది బాబూ" అన్నారు అత్తయ్యగారు, వస అరగదీస్తూ. టిక్కెట్టు మా ఫ్రెండు తమ్ముడికిచ్చేశాను.

ఒక్క సూదిలో ఐదు జబ్బులకి మందు. నా మణికట్టంత లేని తొడ. నర్సు గుచ్చింది. పాప నోరు తెరిచింది గానీ శబ్దం రాలేదు, మొహం మాత్రం దానిమ్మగింజలా ఎర్రబడుతోంది. తర్వాత వచ్చింది చూడండి కేక! నర్సు దూది అద్దుతూ నావైపు తిరిగి, "సార్, ముందు మీరు కూర్చోండి" అంది.

మధ్యాహ్నం ఫ్రెండు ఫోను. వెనక ఈలలు. "ఒరేయ్, తెలిసిపోయిందిరా! చెప్పనా?"

"అది సరేగానీ, మీవాడికి ఈ సూదికి జ్వరం ఎన్నాళ్లుందిరా?"

అటు ఒక్క క్షణం మాటలేదు. "రెండ్రోజులు. చుక్కల మందు బరువుని బట్టి వెయ్యాలి, డాక్టర్నడుగు. సూది గుచ్చినచోట రుద్దకు..." పార్కింగులో బండి తియ్యకుండా పావుగంట చెప్పాడు. వాడూ కట్టప్పని మర్చిపోయాడు.

టీవీలో వేసేనాటికి పాపకి అన్నప్రాశన అయింది. ఉగ్గు మొదలెట్టాక మూడు రోజులుగా బిగదీసుకుని కూచుంది. అత్తయ్యగారు ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్లు చెంచాతో పడుతున్నారు. ఇక్కడ కట్టప్ప కత్తి దూశాడు. సౌండు పెంచాను.

లోపల్నుంచి మా ఆవిడ కేక. "ఏవండీ! వెళ్లింది!"

రిమోట్ ఎక్కడ పారేశానో గుర్తులేదు. "ఏం రంగు?" అంటూ పరిగెత్తాను.