సౌత్ ఫేసింగ్

హైదరాబాద్‌లో ఫ్లాట్లు చూపించే బ్రోకర్లకి రెండు గొంతులుంటాయి. "ఈస్ట్ ఫేసింగ్ సార్" అనేటప్పుడు సుప్రభాతం. "సౌత్ ఫేసింగ్ సార్" అనేటప్పుడు పరామర్శ. నా లోను తాహతుకి రెండో గొంతే పలికింది.

గృహప్రవేశం రోజున మా మేనత్త గుమ్మం బయటే ఆగిపోయింది.

"ఒరే, ఇది యముడి దిక్కు కదరా!"

"నిజమే అత్తా. కానీ ఆయనొస్తే ముందు కింద సెక్యూరిటీ దగ్గర పేరు రాయాలి. మేం యాప్‌లో సరేననాలి. ఆపైన దున్నపోతు లిఫ్టులో పట్టాలి."

అత్త నవ్వలేదు. పరమాన్నం వాసన వచ్చాక మాత్రం కుడికాలు లోపల పెట్టింది.

దిక్పాలకుల పంపకంలో తూర్పుకి ఇంద్రుడు, ఉత్తరానికి కుబేరుడు దక్కారు. దక్షిణం వాటాకి యముడొచ్చాడు. పితృకార్యాలకి అటు తిరిగే కూర్చుంటాం కాబట్టి ఆ దిక్కంటే బెరుకు సహజమే. అయితే ఆయనకి ధర్మరాజని కూడా పేరుంది. న్యాయం చెప్పేవాడు ఎదురింట్లో ఉంటే మనకెందుకు భయం? ఈ ప్రశ్న నేను బ్రోకర్ని అడగలేదు, ధర పెంచేస్తాడని. శివాలయాల్లో దక్షిణపు గోడ గూట్లో కూర్చునే దక్షిణామూర్తి సాక్షాత్తూ జ్ఞానమిచ్చే గురువు. ఆయనదీ సౌత్ ఫేసింగే.

మా ఎదురు ఫ్లాటు నార్త్ ఫేసింగ్. మధ్యలో ఉన్నది మనిషి పట్టేంత కారిడారు. అదే సంపు నీళ్లు, అదే జనరేటరు, అదే లిఫ్టు, చదరపు అడుగు ధర మాత్రం వేరు. వాళ్లు తలుపు తీస్తే కుబేరుడు కనిపించాలి. కనిపించేది నేను, నెలాఖరు ముఖంతో. నేను తలుపు తీస్తే యముడు కనిపించాలి. కనిపించేది మెయింటెనెన్స్ వసూలు చేసే అసోసియేషన్ సెక్రటరీ. ఆ మేరకు శాస్త్రాన్ని కాదనలేను.

వాస్తు చూడ్డానికి వచ్చినాయన ఫోన్లో దిక్సూచి తెరిచాడు. హాలు మధ్యలో ఒక దక్షిణం, ఇనుప గ్రిల్లు పక్కన ఇంకో దక్షిణం చూపించింది. ఇనుము దగ్గరుంటే దిక్సూచి దారి తప్పుతుంది. స్లాబు నిండా ఇనప చువ్వలే. ఆయన కాసేపు ఆలోచించి బీరువా జరపమన్నాడు. ఏ సమస్యకైనా జరిగేది బీరువానే.

మన పాత అగ్రహారాలకి ఈ గొడవ లేనట్టుంది. తూర్పు పడమరలుగా వీధి వేస్తే ఒక వరస ఇళ్లు ఉత్తరాన్ని, రెండో వరస దక్షిణాన్ని చూడక తప్పదు. రెండు వరసల్లోనూ పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, అరుగుల మీద పేకాట సాగింది.

చైనా చక్రవర్తులైతే పట్టుబట్టి దక్షిణానికే తిరిగి కూర్చునేవారు. 1420లో పూర్తయిన బీజింగ్ ఫర్బిడెన్ సిటీలో సింహాసనం చూపు దక్షిణానికి, ప్రధాన ద్వారం దక్షిణానికి. అక్కణ్ణుంచి 24 మంది ఏలారు, ఎవరూ బీరువా జరిపిన దాఖలా లేదు. లండన్‌లో పెరడు దక్షిణాన్ని చూస్తే ఎండ బాగా పడుతుందని ఇంటి ధర పెరుగుతుంది. మెల్‌బోర్న్‌లో సూర్యుడు ఉత్తరం వైపు నడుస్తాడు కనక అక్కడ గిరాకీ నార్త్ ఫేసింగ్‌కి. కుబేరుడి పుణ్యం కాదు, ఎండ పుణ్యం.

ఆ లెక్క హైదరాబాద్‌కి వేస్తే నాకు నవ్వు ఆగదు. మే రెండోవారం నుంచి జూలై ఆఖరు దాకా నడినెత్తి సూర్యుడు ఉత్తరానికే ఒరుగుతాడు. అంటే ఎండల్లో మధ్యాహ్నం దక్షిణపు గోడకి నీడ, చలికాలంలో అదే గోడకి నులివెచ్చని ఎండ. దీనికి ఎక్కువ డబ్బులు అడగాల్సింది పోయి తగ్గించి ఇచ్చారు.

మీరూ ఫ్లాటు చూస్తుంటే నాదొక్కటే మనవి. సౌత్ ఫేసింగ్ అనగానే ముఖం వేలాడేయండి, ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరనండి, లేచి నాలుగడుగులు వేయండి. బ్రోకరు వెనక్కి పిలుస్తాడు. అప్పుడు బేరమాడండి.