మా విస్తరాకులకు ప్రాముఖ్యత లేదన్న మహానుభావులకు

మహారాజశ్రీ ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం తొలగింపు పెద్దల దివ్యసముఖానికి,

ములుగు నుంచి ఒక అప్రముఖుడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ అందరం క్షేమం. మీరూ క్షేమంగా ఉండాలనీ, రాత్రి పదకొండున్నరకు కూడా నిద్ర మానుకొని పేజీలు పీకేసే ఓపిక సమ్మక్క తల్లి మీకు నిండుగా ఇవ్వాలనీ కోరుకుంటున్నాను.

మొన్న మంగళవారం రాత్రి మీరు పీకేసింది మా బామ్మర్ది విస్తరాకుల కంపెనీ మీద నేను రాసిన పేజీ. తొమ్మిది వాక్యాలు, మూడు రాత్రుల పని. దానికి మీరు రాసిన జవాబు ఒక్క ముక్క: విషయ ప్రాముఖ్యత లేదు. కింద ఇంకో ముక్క: ప్రచార ధోరణి. ప్రచారమా? మోదుగాకు విస్తర్లు, దొప్పలు చేస్తారు, పదకొండు మంది ఆడవాళ్లు పనిచేస్తారు అని రాస్తే ప్రచారమా సారూ? ‘నాణ్యమైన’ అన్న మాట ఒక్కటుంటే ఉండొచ్చు. అది కొట్టేస్తే పోయేది. ఎలుక మీద కోపానికి ఇల్లు తగలబెడతరా ఎవరైనా?

స్వతంత్ర మూలాలు తెమ్మన్నరు. తెచ్చిన. మూడు పేపర్ కటింగులు. మొదటిదాంట్లో మాది వరంగల్ జిల్లా, రెండోదాంట్లో జయశంకర్ భూపాలపల్లి జిల్లా, మూడోదాంట్లో ములుగు జిల్లా. ఇవి మూడు వేర్వేరు కంపెనీలేమో అని మీ వాళ్లకు అనుమానం! కంపెనీ అంగుళం కదల్లేదు మహాశయా, కదిలింది జిల్లా. 2016 దసరాకు ఒకసారి, 2019 ఫిబ్రవరి 17న ఇంకోసారి. అంతటితో ఆగితే బాగుండు. ఇంకొకాయన వచ్చి మా ఊరిని ఎత్తుకెళ్లి సిద్దిపేట జిల్లా ములుగులో, ఉద్యాన విశ్వవిద్యాలయం పక్కన దింపిండు. ఆ ములుగు వేరు, ఈ ములుగు వేరు. మేడారం బస్సెక్కిన చంటిపిల్లనడిగినా చెప్తది.

2022 జులై 1 నుంచి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు దేశమంతా బందు పెట్టిన సంగతి కూడా రాసిన, అప్పటి నుంచే మా మిషను తీరిక లేకుండా తిరుగుతున్నది గనక. అది ప్లాస్టిక్ పేజీలో ఉండాల్సిన విషయమని తీసేసిండ్రు. విస్తరి పేజీలో విస్తరి ఎందుకు అమ్ముడుపోతుందో ఉండొద్దట.

కటింగుల లింకులు తెరుచుకోవడం లేదన్నరు. పాత జిల్లా పేజీలు నెట్లో దొరకకపోతే ఆ పాపం మోదుగాకుదా? కొత్తది రాయించుకుందామని ఓ విలేకరి తమ్ముణ్ని అడిగితే, ‘అన్నా, వార్షికోత్సవ సంచికకు యాడ్ ఇయ్యి, అరపేజీ ఐటం కొడత’ అన్నడు. డబ్బిచ్చి రాయించుకుంటే మీరు ఒప్పుకోరు. ఇయ్యకపోతే వాళ్లు రాయరు. మధ్యన మేమేం కావాలె?

పేపర్లు ఊరికే రాసిన కంపెనీ కూడా మా జిల్లాలో ఒకటుంది. కమలాపురం బిల్ట్. 2014లో మూతపడ్డది. మూతపడ్డదని రాసిండ్రు, కార్మికుల ధర్నా అని రాసిండ్రు, జీతాల బకాయిలని రాసిండ్రు, మళ్లీ తెరుస్తరట అని రాసిండ్రు. కట్టలకు కట్టలు మూలాలు! అంటే మా బామ్మర్ది షట్టర్ దించి, ఆ పదకొండు మంది రోడ్డు మీద కూర్చుంటే మేము మీ లెక్కకు సరిపోతామా? చెప్పండి, అదే చేద్దాం.

సొంతంగా చెప్పుకున్నది చెల్లదంటరు కదా, మరి రామప్ప సంగతేంది? 1213లో గుడి కట్టించిన రేచర్ల రుద్రుడే శాసనమూ వేయించుకున్నడు. అంతా స్వప్రచారమే. ఆ రోజు మీరుంటే నల్లరాతి మీద కూడా తొలగింపు నోటీసు అతికించేటోళ్లు. యునెస్కో 2021 జులైలో గుర్తించింది. మా బామ్మర్దికి అంత టైము లేదు.

నిబంధన ఎందుకో నాకు తెలవదనుకోకండి. గేటు బార్లా తెరిస్తే వెంచర్లోళ్లు, కోచింగ్ సెంటర్లోళ్లు, మోకాళ్ల నొప్పుల తైలమోళ్లు బిలబిలా వచ్చి పడతరు. ఒప్పుకుంట. కానీ మీరు దినం ప్రమాణం చేసే వికీపీడియాలోనే, దాన్ని స్థాపించిన జిమ్మీ వేల్స్ 2007లో కేప్‌టౌన్ పక్కన గుగులెతులోని మ్జోలీస్ అనే మాంసం హోటల్ మీద చిన్న పేజీ మొదలుపెడితే, అరగంట తిరక్కుండానే ఎవరో తీసిపారేసిండ్రు. తర్వాత పెద్ద పంచాయితీ నడిచి ఆ పేజీ నిలబడ్డది. ఆయన మాంసం కొట్టుకు పంచాయితీ జరిగింది. మా విస్తరికి అది కూడా జరగలే. ఒకరు తీసేయాలన్నరు, ఇంకొకరు ఊ అన్నరు, అయిపోయింది. నన్ను అడిగింది ఒక్కటే: ఈ కంపెనీకి మీరేమవుతారు? బావనవుతాను. ములుగులో ఎవరికీ ఏమీ కానోడు దొరికితే పంపించండి, వాడితోనే రాయిస్తా.

సరే, కోపంలో ఏదేదో అన్నాను. పెద్దలు మీరు, మనసులో పెట్టుకోకండి. అసలు సంగతి ఏమిటంటే, పేజీ పోయినట్టు మా బామ్మర్దికి ఇంకా చెప్పలేదు. వాడు దాన్ని రంగుల్లో ప్రింటు తీయించి లోను కాగితాల్లో పెట్టాడు, రెండో మిషను కోసం. బ్యాంకు సారు నెట్లో కూడా చూస్తానన్నారట. శుక్రవారం రమ్మన్నారు. ఆ తొమ్మిది వాక్యాల్లో ‘నాణ్యమైన’ తీసేసి ఎనిమిదే ఉంచండి, నాలుగే ఉంచండి. శుక్రవారం సాయంత్రం దాకా చాలు. శనివారం మీరు తీసేసినా నేను నోరెత్తను.

ఇట్లు,
పైన చెప్పిన బావ
ములుగు (సిద్దిపేట కాదు)