రజను మౌనం

నేను ఇనుప రజనును. చిటికెడు తీసుకుంటే వేళ్లకు నల్లగా అంటుకునే పొడిని. వర్క్‌షాపుల్లో ఎంపీఐ అని పిలిచే పరీక్షలో, ఉక్కులో దాగిన పగుళ్లను పట్టిచ్చేది నేనే. ఇందులో మాయ లేదు. రైలు ఇరుసును అయస్కాంతంగా మారిస్తే బలరేఖలు ఉక్కులోంచే సాగుతాయి. పగులు అడ్డొస్తే కొన్ని పైకి పొంగి, అవతలి అంచున మళ్లీ లోపలికి దిగుతాయి. ఆ రెండు అంచులూ చిన్న ధ్రువాలై నన్ను లాక్కుంటాయి. పగులు కంటికి ఆననంత సన్నదైనా, దానిమీద పోగైన నేను ముదురు గీతనై కనిపిస్తాను. 1868లో ఇంగ్లండ్‌లో శాక్స్‌బీ తుపాకీ గొట్టాల వెంట దిక్సూచి నడిపి లోపాలు వెతికాడు. 1920లలో అమెరికాలో విలియం హోక్, అయస్కాంతంతో బిగించి సానపట్టిన ఉక్కు ముక్కలపై రజను పగుళ్ల వెంట బారులు తీరడం గమనించాడు. నా వృత్తి అక్కడ మొదలైంది.

అంత సన్నని పగులుతో ప్రమాదమేమిటని అడగవచ్చు. 1842లో వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగి, 50 మందికి పైగా చనిపోయారు. బరువు మోస్తూ తిరిగే ఇరుసు పైపొర ఒక్కో చుట్టులో ఒకసారి సాగి, ఒకసారి నొక్కుకుపోతుంది. ఒత్తిడి ఎక్కువగా ఉండేది ఆ పొరలోనే. పగులు తరచూ పుట్టేదీ, నేను బాగా చూడగలిగేదీ అక్కడే. లోతున ఉన్న లోపాలకు అల్ట్రాసౌండ్ కావాలి. అల్యూమినియం, టైటానియం దగ్గర నేను పనికిరాను.

అయితే నేను చెప్పదలచింది నా మౌనం గురించి. బలరేఖలు పగులు వెంటే సాగితే పైకి పొంగేది దాదాపు ఏమీ ఉండదు, నేనూ అంటుకోను. ఇరుసును కాయిల్‌లో పెడితే అడ్డపగుళ్లు పట్టిస్తాను. ఇరుసులోంచే కరెంటు పంపితే నిలువు పగుళ్లు. ఒక్క దిక్కునే అడిగితే మీకు అందేది సగం జవాబే. రెండుసార్లు చేస్తే సమయం వృథా అంటారేమో. సగం జవాబును పూర్తి భరోసాగా నమ్మి ఇరుసును పట్టాలెక్కించడం కన్నా ఆ సమయం ఖరీదైనది కాదు. మర గాడుల దగ్గర ఊరికే పోగవుతానన్న ఆరోపణ నిజమే. దాన్ని తేల్చాల్సింది అనుభవమున్న కన్ను. అబద్ధపు గీత మళ్లీ చూసేలా చేస్తుంది, అబద్ధపు మౌనం మాత్రం అక్కడితో ఆపేస్తుంది. అందుకే “రజను అంటలేదు” అని రాసిన చోట, ఏయే దిక్కుల్లో అడిగారో కూడా రాయండి.