నాకము

స్వర్గమునకు మనవారు పెట్టిన పేళ్లలో నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది ‘నాకము’. ఆ పేరెత్తగానే తెలుగు చెవికి ‘నాకు, నాకు’ అన్న కోలాహలము వినబడుటయే యిందులకు మొదటి కారణము. అమరసింహుడు దేవతలకంటె ముందు వారి నివాసమునే పేర్కొని, ఆ వరుసలో దీనిని చేర్చెను గనుక, వీథిబడిలో అమరము వల్లెవేసిన బాలురందఱును గుణింతములు కుదురకమునుపే స్వర్గద్వారము త్రొక్కి, పిదప నరకవర్గము మీదుగా భూవర్గమునకు దిగివచ్చినవారే.

‘క’మనగా సుఖము, అది లేనిది ‘అకము’, అనగా దుఃఖము, ఆ దుఃఖమును లేనిది నాకము. సుఖము కలదని యొక్కమాటతో పోవుదానికి రెండుమార్లు లేదనిపించిన యీ నిర్వచనమును చూచినప్పుడెల్ల, నాకు అద్దెయిల్లు చూపు యజమాని తలపునకు వచ్చును: దోమలు లేవు, తేళ్లు లేవు, ప్రక్కవాటాలో పోరు లేదు అని వరుసగా చెప్పుకొనిపోవునే గాని, నూతిలో నీళ్లున్నవా యన్నచో ఆకాశమువంక చూచును. దుఃఖమే లేనిచోట ఇంద్రుడు పురాణము పురాణమునను అసురులకు వెఱచి పరుగెత్తుటయేమని మా శాస్త్రులవారి నడిగితిని. “ఓరి నాయనా, దుఃఖము లేదన్నది చోటును గూర్చిరా, అందున్నవాని సంగతి వ్యుత్పత్తిలో లేదు” అని వారు పొడుము పీల్చి, తుమ్మి, పాఠము ముగించిరి.

వ్యాకరణము కథ యింతకంటె రసవత్తరము. నిషేధార్థకమైన ‘న’ సమాసమున ‘అ’ యగుట, అచ్చు పరమైనచో ‘అన్’ అగుట సామాన్యవిధి. అంతము లేనిది అనంతమైనట్లు ఈ స్వర్గమును ‘అనకము’ కావలసినదే. కాని పాణిని యొక సూత్రమున 11 పదములను ప్రోగుచేసి, వీనిజోలికి ఆ విధి పోరాదని శాసించెను. నకులము, నఖము, నక్షత్రము, నక్రము మున్నగువాని వెంట చిట్టచివర నిలిచినది నాకము. ముంగిసకును గోటికిని మొసలికిని దక్కిన మినహాయింపే దేవలోకమునకును దక్కినదన్నమాట! కులము లేనందున ముంగిస నకులమైనదట. అడుగు వేయదు గనుక మొసలి నక్రమైనదట. గోదావరిలో స్నానమాడువారెవ్వరును ఈ రెండవ వ్యుత్పత్తిని నమ్మకుందురు గాక.

ఋగ్వేదమున నాకమనగా తలపైనున్న యాకాశపు కప్పే. దానికి శోకరాహిత్యమును ముడివెట్టి, చేరుదారిని లెక్కతో చూపినది ఛాందోగ్యము. సామమునకు గల యేడు భాగముల పేళ్లలోని యక్షరములను కూడినచో 22 అగును. అందు 21 సూర్యునివఱకు చేర్చును, కడపటి యక్షరము సూర్యునికావలి నాకమును గెలిపించును. ఏడు పేళ్లను మూడేసి యక్షరములుగా సర్దగా మిగిలిన ఆ యొక్క యక్షరము ఏ పేరునుండి మిగిలినదనుకొంటిరి? ‘ఉపద్రవ’మను పేరునుండి! ఆ పదార్థమునకు మా యింట ఏనాడును కొదువలేదు గనుక, నాకప్రాప్తి విషయమున నేను నిశ్చింతగా నున్నాను.