యాభై అడుగుల ఎత్తున బ్రూవరీ

హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలకు 2015లో రూల్స్ వచ్చాయి. గాజు గోడ వెనక తళతళలాడే స్టీలు ట్యాంకులు, గమ్‌బూట్లేసుకున్న పనివాళ్లు, గోడ మీద మంటలార్పే ఎర్ర సిలిండరు. చూడముచ్చటగా ఉంటుంది. మహబూబాబాద్ జిల్లా కురవి మండలంలో అంతకంటే చిన్న బ్రూవరీలు ఉన్నాయి. ఒక తాటిచెట్టు, గెలకు కట్టిన కల్లు లొట్టి, ఒక మనిషి. పులియబెట్టే పని గాలిలోని ఈస్టు, లొట్టికి అంటుకున్న నిన్నటి మడ్డి కలిసి చేసుకుంటాయి. కరెంటు బిల్లు లేదు, మెట్లు లేవు, సేఫ్టీ ఆఫీసరు అసలే లేడు.

ఎందుకు లేడంటే, అది ఫ్యాక్టరీ కాదు కాబట్టి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడితే పదిమందిని, వాడకపోతే ఇరవై మందిని లెక్కపెట్టుకుంది. కల్లు గీసే గౌడన్నలు ఇరవై మంది నడుముకు మోకు తాళ్లు వేసుకొని ఒకేసారి ఒకే చెట్టెక్కితే తప్ప ఆ చట్టం తలెత్తి చూసేది కాదు.

చట్టం సంగతి సరే, మనమేమంటున్నాం? "గౌడన్నకు చెట్టెక్కుడు ఒకరు నేర్పాల్నా? పుట్టుకతోనే వస్తది!" ఈ మాట అనేవాడు ఎప్పుడూ చెట్టు కిందే ఉంటాడు, చేతిలో తాటాకు రేక పట్టుకొని. ఆ విద్య నిజమే, కాదనను. కానీ దాని సంగతి వానకు తెలియదు. తడిసిన మానుకు, చీకిన మోకుకు, మట్టల్లో గూడు పెట్టిన కందిరీగలకు ఎవరు ఎవరి కొడుకో పట్టదు. రోజుకు రెండు మూడు సార్లు, చెట్టు తర్వాత చెట్టు. ఏళ్ల తరబడి ఎక్కినవాడు అన్నిసార్లూ గెలవాలి, చెట్టు ఒక్కసారి గెలిస్తే చాలు. పిల్లలు పట్నం పోయారు, మోకు తండ్రి నడుముకే మిగిలింది. వయసు మీద పడ్డకొద్దీ నైపుణ్యం పెరుగుతుందని కింద కూర్చున్నవాళ్లకు గట్టి నమ్మకం.

ఎక్కడం నేర్పితే ఎలా ఉంటుందో కూడా మనం చూశాం. 2014 మే 25న మన పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. ఆమె మొదట తర్ఫీదు పొందింది భువనగిరి గుట్ట మీద. నడుముకు హార్నెస్, దానికి క్లిప్పులు, పట్టు జారినా ఆపే తాడు. ఆ గుట్ట ఉన్న సీమంతా తాళ్లే. ఆ బెల్టు గుట్ట దిగి పక్కనున్న తాటిచెట్టు దాకా నడిచి రావడానికి పదేళ్లు పట్టింది. 2024 జూలై 14న అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి చేతుల మీదుగా సేఫ్టీ కిట్ల పంపిణీ మొదలైంది. పేరు "కాటమయ్య రక్షక కవచం". గౌడుల కులదైవం పేరు పెట్టాక ఇక వారంటీ కార్డు ఎందుకు? కవచం ఉండగా ఎవరైనా పడితే కాటమయ్యకు కోపమొచ్చిందని అనుకుంటాం. కవచం అందకముందే పడితే, తొందరపడ్డాడని అంటాం.

దేవుళ్ల విషయంలో మన సర్కార్లు మాట తప్పవు. తెలంగాణ రాష్ట్రం వస్తే చేయిస్తానన్న మొక్కు తీర్చడానికి 2017 మహాశివరాత్రికి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ స్వయంగా కురవి వచ్చి వీరభద్రస్వామికి బంగారు మీసాలు పెట్టించారు. మొక్కు అలా తీరింది. మోకు సంగతికి మాత్రం ఇంకో ఏడేళ్లు పట్టింది. 2023లో గీత కార్మికులకూ రైతుబీమా లాంటి బీమా అన్నారు. అదీ ప్రాణం పోయాక చేతికొచ్చే సొమ్మే!

కిట్టు వేసుకుంటే ఆలస్యమవుతుందని గీసేవాళ్లు అనే మాటను మాత్రం ఎగతాళి చేయలేను. లొట్టి నిండితేనే కూలి దొరికే పనిలో బెల్టు బిగించుకునే నిమిషాలు ఎవరి ఖాతాలో వేయాలి? దగ్గరుండి నాలుగు రోజులు నేర్పకుండా, ఫొటో దిగి చేతిలో పెట్టి పంపిన కిట్టు ఇంటి దూలానికి వేలాడుతుంది. అక్కడైతే అది పూర్తి సురక్షితం.

ఇక పడేవాళ్లు పాటించవలసిన భద్రతా నియమాలు. ముందుగా చెట్టు గీసుకోవడానికిచ్చే టీఎఫ్‌టీ (ట్రీ ఫర్ ట్యాపర్) లైసెన్సో, సొసైటీ సభ్యత్వమో చేతిలో ఉండేట్టు చూసుకోవాలి. లేకపోతే మనిషి పడింది చెట్టు మీది నుంచి కాదు, రికార్డుల్లోంచి. పడేటప్పుడు సాక్షులు ఉండాలి. అందుకని కల్లు తాగేవాళ్లు వచ్చే వేళకే పడాలి, వాళ్లు మత్తులో మునగకముందే పడాలి. ప్రాణం పోతే కుటుంబం ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం కాగితాలు పట్టుకొని ఐదు లక్షల ఎక్స్‌గ్రేషియా కోసం తిరగాలి. బతికి నడుము విరిగిందా, ఎంత శాతం విరిగిందో మెడికల్ బోర్డు తేల్చేదాకా కదలకుండా పడుకోవాలి. ఈ ఒక్క నియమం పాటించడం మాత్రం అతనికి కష్టం కాదు.