మేస్త్రికి ఒంట్లో బాగోలేదు

కదలకుండా పడి ఉండటమే ఆరోగ్య లక్షణమైన ప్రాణికి జబ్బు చేస్తే కనిపెట్టడమెలా? డిసెంబరు చలిలో మా ఇంటిల్లిపాదికీ ఇదే చర్చ. రోగి మా అక్వేరియంలో ఉండే సక్కర్ చేప. ఒళ్ళంతా మచ్చలు, పొలుసుల బదులు ఎముకల కవచం, అడుగువైపు నోరు, దానికి అటూ ఇటూ పొట్టి మీసాలు. క్యాట్ ఫిష్ జాతి. సొంతూరు దక్షిణ అమెరికా.

'తొట్టి అదే శుభ్రం చేసేసుకుంటుందండీ, మీరు చెయ్యి పెట్టక్కర్లేదు' అని కొట్టాయన అంటగట్టాడు. పాచి తింటుంది, కాదనను. తిన్నదంతా దారాలు దారాలుగా అక్కడే వదిలేస్తుంది, దాన్ని నేను ఎత్తిపొయ్యాలి. పగలంతా చెక్క దుంగ కింద పడుకుని, అటూ ఇటూ తిరిగే మిగతా చేపల్ని చూస్తుంటుంది. ఆ వాలకం చూసి మా ఆవిడ దానికి మేస్త్రి అని పేరు పెట్టింది.

ఒక ఆదివారం మా బావమరిది ప్లాస్టిక్ సంచీలో నల్ల మోలీలు పట్టుకొచ్చాడు. వాటి ఒంటినిండా తెల్లటి చుక్కలు. "కొత్త డిజైన్ బావా! దీనికి యాభై ఎక్కువ తీసుకున్నాడు" అన్నాడు. కొత్త చేపల్ని రెండు మూడు వారాలు విడిగా ఉంచి గమనించాలన్నది ఈ విద్యలో మొదటి పాఠం. అది చెప్పే భాగ్యం నాకు దక్కలేదు. నేను స్నానం చేసొచ్చేసరికి సంచీ ఖాళీ.

వారం తిరక్కుండా ఆ డిజైన్ అందరికీ వచ్చేసింది.

మేస్త్రికి వచ్చిందో లేదో తేల్చడమే కష్టమైంది. మచ్చల మీద చుక్కలు కనపడవు. పైగా అది రాత్రిపూట తిరిగే జీవి. లైట్లన్నీ ఆర్పి, నేల మీద బోర్లా పడుకుని, టార్చి వేసి చూశాను. తోక అంచున ఉప్పు రవ్వలంతేసి తెల్లటి బొడిపెలు. మొప్పలు గబగబా ఆడుతున్నాయి. ఉన్నట్టుండి పక్కకి ఒరిగి, గులకరాళ్ళకి ఒళ్ళు రాసుకుని, మళ్ళీ దుంగ కిందికి దూరింది. కాసేపటికి పైకొచ్చి గుటుక్కున గాలి మింగింది. ఈ జాతి పొట్టతో కూడా ఊపిరి పీల్చుకోగలదు కాబట్టి ఎప్పుడో ఒకసారి మింగితే కంగారు లేదు. ఇది మాత్రం దిగీ దిగగానే మళ్ళీ వస్తోంది.

పశువుల ఆసుపత్రికి ఫోన్ చేస్తే "బరువెంత?" అన్నారు. తూచాలంటే ముందు పట్టుకోవాలి కదా. దాని రెక్కల ముళ్ళు వలలో చిక్కుకుంటే వలనే కత్తిరించాలి. కొట్టాయన దగ్గర సకల రోగాలకీ ఒకటే నీలం మందు. తోక కుళ్ళినా అదే, చుక్కలొచ్చినా అదే, చేప కాస్త దిగులుగా ఉన్నా అదే. ఆ మిథిలీన్ బ్లూ ఉన్న తొట్టిలోనే పోస్తే ఫిల్టర్లో అమ్మోనియాని విరగ్గొట్టే మంచి బ్యాక్టీరియా కూడా చస్తుందని మాత్రం చెప్పడు. మా అమ్మది కోనసీమ. "జెల్ల లాంటిదేగా, జబ్బు ముదరకముందే పులుసు పెట్టేస్తే సరి" అంది.

మృగశిర కార్తె నాడు కొరమీను పిల్ల నోట్లో మందు పెట్టి ఆయాసం రోగులచేత మింగించే ఊరు మాది. చేపకే ఆయాసమొస్తే ఎవర్ని మింగించాలో హైదరాబాదులో ఎవరూ చెప్పలేదు.

చివరికి ఆకివీడు దగ్గర చేపల చెరువులున్న మా మావయ్యకి ఫోన్ చేశాను.

"ఎన్నెకరాలురా?"

"మూడడుగులు, మావయ్యా."

కాసేపు నిశ్శబ్దం. "ఏ చేప? బొచ్చా, శీలావతా?"

నేను వర్ణించాను. కవచం, ముళ్ళు, మచ్చలు. అవతల మావయ్య గొంతు మారిపోయింది. "ఒరేయ్, అది దెయ్యం చేపరా! మా వలలు చింపేస్తోంది, గట్లు తవ్వేస్తోంది, ఒడ్డున పడేసినా గంటల తరబడి చావదు. దానికే జబ్బు చేసిందా? ఆ జబ్బు పేరేంటో చెప్పు, రాసుకుంటాను!"

పేరు ఇక్. తెల్లచుక్క జబ్బు. కంటికి కనిపించే చుక్క చర్మం కింద చేరిన పరాన్నజీవి. అది బాగా బలిశాక చేపని వదిలి అడుక్కి చేరి, గూడు కట్టుకుని, వందల పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు ఈదుకుంటూ చేపని వెతుక్కునే వేళ మాత్రమే మందు పనిచేస్తుంది. చర్మం కింద ఉన్నదాన్నీ గూట్లో ఉన్నదాన్నీ ఏమీ చెయ్యలేదు. అందుకే నీళ్ళు వెచ్చబెడతారు. చన్నీళ్ళలో వారాలు సాగే ఈ తతంగం వెచ్చటి నీళ్ళలో కొద్ది రోజుల్లో ముగుస్తుంది, పిల్లలు త్వరగా మందుకి దొరుకుతాయి. హీటరు పెట్టి రోజుకో డిగ్రీ చొప్పున 30 దాకా తీసుకెళ్ళాను. వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది కాబట్టి గాలి పంపు కూడా. సరిగ్గా ఆ వారమే మా గీజరు పాడైంది. ఇంట్లో వెచ్చగా స్నానం చేసే అదృష్టం చేపలదే.

మందు మలకైట్ గ్రీన్ కలిసింది. పొలుసుల్లేని చేపలకి సగం మోతాదే వెయ్యాలి. బొగ్గు ఉంటే మందుని పీల్చేస్తుంది, కాబట్టి ఫిల్టర్లోంచి తీసెయ్యాలి. మోతాదు మోతాదుకీ ముందు అడుగున పైపు పెట్టి కొంత నీళ్ళు లాగెయ్యాలి. ఇది తినే చేపలకి వాడకూడని మందని చదివి వినిపించాక అమ్మ పులుసు మాట ఎత్తలేదు. అమ్మోనియా పరీక్ష మా ఆవిడకి అప్పగించాను. గొట్టంలో నీళ్ళు పసుపుగా ఉంటే క్షేమం, ఆకుపచ్చకి తిరిగితే ప్రమాదం. నాకు అన్నీ ఒకటే రంగు. మ్యాచింగ్ సెంటర్లలో ఆరితేరిన కన్ను ఆవిడది. "ఇది పసుపు కాదు, నిమ్మపండు. సగం నీళ్ళు మార్చండి" అనేది.

చుక్కలు రాలిపోయిన రోజు అమ్మ కొబ్బరికాయ కొట్టింది. నేను ప్రసాదం తింటూనే మందు వేశాను. చుక్క రాలడమంటే జబ్బు పోవడం కాదు, పురిటికి పుట్టింటికి వెళ్ళడం.

ఫోర్కుకి గుచ్చిన కీరా ముక్కని రోజూ రాత్రి అడుగున దింపేవాణ్ణి. పొద్దున తీస్తే నానిపోయి, ముక్క ముక్కలాగే ఉండేది. ఒకరోజు ఫోర్కుకి పచ్చటి తొక్క చుట్టు మాత్రం వేలాడుతోంది. లోపల గుజ్జంతా గీకి గీకి తినేశారు మేస్త్రి గారు.

సంక్రాంతి వెళ్ళాక మావయ్య హైదరాబాదు వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఎంత పెరుగుతుందో తెలుసా? అడుగున్నర. అప్పుడేం చేస్తావురా?" అన్నాడు.

నేను పెద్ద తొట్టి ధర చెప్పబోతుంటే బావమరిది అందుకున్నాడు. "దానిదేముంది బాబాయ్ గారూ, హుస్సేన్ సాగర్లో వదిలేస్తే సరి. మా ఫ్రెండ్సంతా అలాగే చేస్తారు."

మావయ్య వాడివైపు తిరిగి, నెమ్మదిగా అడిగాడు. "అబ్బాయ్, నీకు వలలు అల్లడం వచ్చా?"