వైర్‌లెస్ ఛార్జింగుకో వైరు

వైర్‌లెస్ ఛార్జింగు అంటే ఫోనుకు పిన్ను గుచ్చకుండా, ఒక ప్యాడ్ మీద వెల్లకిలా పడుకోబెట్టి బ్యాటరీ నింపే పద్ధతి. ప్యాడ్‌కు మాత్రం వైరు ఉంటుంది. ఆ వైరు అడాప్టరుకు, అడాప్టరు గోడలోని ప్లగ్గుకు, అక్కణ్నించి వీధి స్తంభానికి, స్తంభం నుంచి సబ్‌స్టేషనుకు, ఆ పైన ముద్దనూరు దగ్గరున్న 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం దాకా అన్నీ వైర్లే. ఇంత దూరం వైరు పట్టుకుని వచ్చిన కరెంటు చివరి అర సెంటీమీటరు మాత్రం చేయి వదిలేసి దూకుతుంది. పేరంతా ఆ అర సెంటీమీటరుకే దక్కింది.

ఆ దూకుడు వెనకున్న సూత్రం పాతదే. ఒక తీగచుట్టలో కరెంటు మారుతూ ఉంటే, దాన్ని తాకని పక్కచుట్టలోనూ కరెంటు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే చూపించాడు. ప్యాడ్ లోపల ఒక రాగి చుట్ట, ఫోను వీపు లోపల మరో రాగి చుట్ట ఉంటాయి. ప్యాడ్ చుట్టలో కరెంటు సెకనుకు లక్షకు పైగా ఆవృత్తులతో ఊగుతూ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఫోను చుట్ట దాన్ని అందుకుని మళ్లీ కరెంటుగా మారుస్తుంది. రెండు చుట్టలూ ఎదురెదురుగా, బాగా దగ్గరగా ఉంటేనే ఈ వ్యవహారం సాగుతుంది. దూరం మాట వస్తే ఒక ఉదాహరణ: కడప జిల్లా ఒంటిమిట్టలో కోదండరాముడి కల్యాణం చైత్రమాసంలో, పున్నమి దగ్గర పడ్డాక, రాత్రిపూట జరుగుతుంది. పగలు చేస్తే తనకు చూసే భాగ్యం లేదని చంద్రుడు మొరపెట్టుకున్నాడనీ, అందుకే స్వామి వెన్నెల్లో పెళ్లికి ఒప్పుకున్నాడనీ స్థలపురాణం. ఆ చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల అవతల నుంచి పెళ్లి పందిరి మీదికి వెలుగు పంపగలడు. అదే పందిట్లో ప్యాడ్ మీదున్న ఫోను రెండు వేళ్ల మందం పక్కకు జరిగితే ఛార్జింగు ఆగిపోతుంది. నికోలా టెస్లా ఈ దూరాన్ని జయించాలనే 1901లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో పెద్ద టవర్ మొదలుపెట్టాడు. పెట్టుబడి ఆగిపోయింది, 1917లో టవర్‌ను కూల్చేశారు.

ఫోన్ల ప్రపంచంలో మొదటి తగాదా ఎవరి ప్యాడ్ మీద ఎవరి ఫోను పెట్టాలన్నది. 2008లో వైర్‌లెస్ పవర్ కన్సార్టియం అనే సంఘం ఏర్పడి, క్యూ ఐ అని రాసి ‘చీ’ అని పలికే ప్రమాణాన్ని తెచ్చింది. దానికి పోటీగా మరో రెండు సంఘాలు లేచాయి. ఒకే రాతిలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ కొలువై ఉన్న ఏకశిలానగరం, అంటే ఒంటిమిట్ట వాళ్లకు ఈ గొడవ విడ్డూరంగా తోచవచ్చు గానీ, ముగ్గురు ఒక మాట మీదికి రావడానికి కంపెనీలకు దాదాపు పదేళ్లు పట్టింది. 2015లో పోటీ సంఘాలు రెండూ ఒకటయ్యాయి. 2017లో ఐఫోన్ 8, ఐఫోన్ 10 చీ ప్రమాణంతో వచ్చాక తగవు తీరిపోయింది. తీరినా, అతి వేగంగా ఎక్కే ప్యాడ్ల విషయంలో ఏ కంపెనీ ప్యాడ్ ఆ కంపెనీ ఫోనుకే పూర్తి వేగం ఇస్తుంది. పరాయి ఫోనుకు ఏదో పెట్టి పంపుతుంది.

ధరల చరిత్ర ఇంకా విచిత్రం. సాధారణంగా కొత్త సౌకర్యం ముందు ఖరీదైన ఫోనులో వచ్చి, ఏళ్లు గడిచేకొద్దీ చవక ఫోనులోకి దిగుతుంది. ఇది మధ్యలోనే దిగి మళ్లీ మిద్దె ఎక్కింది. 2013లో మన దేశంలో 28,999 రూపాయలకు అమ్మిన నెక్సస్ 5లో వైర్‌లెస్ ఛార్జింగు ఉంది. 2015లో దాని వారసులుగా వచ్చిన ఫోన్లలో లేదు. తర్వాత చాలా ఏళ్లు అది పెద్దింటి ఫోన్ల నగగానే ఉండిపోయింది. మళ్లీ 2022లో నథింగ్ ఫోన్ 1 దాన్ని 32,999 రూపాయలకు, 2023లో మోటరోలా ఎడ్జ్ 40 దాన్ని 29,999కు, 2024 ఏప్రిల్‌లో ఇన్ఫినిక్స్ నోట్ 40 ప్రో దాన్ని 21,999కు దించాయి. చివరిది 20 వాట్లు కూడా ఇస్తుంది. గూగుల్ తన చవక వరుసలో పిక్సెల్ 7ఏ నుంచి దీన్ని పెట్టింది. కాకపోతే 2023లో విడుదలైనప్పుడు ఆ చవక ఫోను ధర 43,999 రూపాయలు. చవక అన్న మాటను కాలిఫోర్నియాలో ఒక రకంగా, కడప జిల్లాలో మరో రకంగా అర్థం చేసుకుంటారు. ఒంటిమిట్ట, రాజంపేట, నందలూరు బజార్లలో జనం చేతుల్లో ఎక్కువగా తిరిగే పది, పదిహేను వేల ఫోన్లలో ఈ సౌకర్యం ఉందా అని వెతకడం వృథా శ్రమ.

కారణం అడిగితే మొదట లోహపు వీపు మీద నెపం పడేది. లోహం అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకుంటుంది కాబట్టి ఆ మాట నిజమే. కానీ చవక ఫోన్ల వీపులు ఇప్పుడు దాదాపు అన్నీ ప్లాస్టిక్‌వే, ప్లాస్టిక్ దేన్నీ అడ్డుకోదు. అసలు సంగతి లెక్కలో ఉంది. రాగి చుట్ట, దాని వెనక ఫెర్రైట్ పొర, కరెంటును సరిదిద్దే చిప్పు, ఇవేవీ బంగారం కావు. అయినా 9,999 రూపాయలకు అమ్మాల్సిన ఫోనులో ప్రతి యాభై రూపాయలకూ ఒక పంచాయితీ జరుగుతుంది. ఆ పంచాయితీలో వైర్‌లెస్ చుట్ట ఎప్పుడూ ఓడిపోతుంది, 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా ఎప్పుడూ గెలుస్తుంది. ఆ కెమెరాతో చీమను ఫొటో తీసినవాళ్లు అరుదు. అయినా పెట్టె మీద కెమెరాలు నాలుగు అని అచ్చు వేయవచ్చు, చుట్టను లెక్క చూపడం కష్టం. పైగా కంపెనీకి నిచ్చెన కావాలి. కింది మెట్టు మీదే అన్నీ దొరికితే పై మెట్టు ఎవరు ఎక్కుతారు?

ఈ నిచ్చెనలో కింది మెట్టు చాలాకాలంగా కడపకు పక్కజిల్లాలోనే తయారవుతోంది. షియోమీ మన దేశంలో తయారుచేయించిన మొదటి ఫోను రెడ్‌మి 2 ప్రైమ్. ఫాక్స్‌కాన్ దాన్ని శ్రీసిటీలో బిగించింది, 2015 ఆగస్టులో విశాఖపట్నంలో విడుదల చేశారు, ధర 6,999 రూపాయలు. దాని వీపు ఊడదీసి బ్యాటరీని బయటికి తీయవచ్చు. ఇంట్లో ఇంకో బ్యాటరీ నింపి పెట్టుకుంటే పది సెకన్లలో సున్నా నుంచి నూరు శాతం. తీగ అక్కర్లేని ఛార్జింగులో ఇంత వేగాన్ని మళ్లీ ఏ కంపెనీ అందుకోలేదు. తర్వాత బ్యాటరీని లోపలే జిగురుతో అతికించి, తీగ నుంచి విముక్తి కావాలంటే పెద్ద ఫోను కొనుక్కోమన్నారు.

వేగం లెక్క ఇలా ఉంటుంది. ఇప్పటి మామూలు ఫోనులో బ్యాటరీ 5,000 ఎంఏహెచ్, అంటే సుమారు 19 వాట్ గంటలు. 5 వాట్ల ప్యాడ్ మీద పెడితే కాగితం మీద నాలుగు గంటలు, నిజంగా అయిదు దాటుతుంది. 15 వాట్ల ప్యాడ్ రెండు గంటలకు అటూ ఇటూ. 67 వాట్ల వైరు ఇదే పని గంట లోపు ముగించి పక్కకు తప్పుకుంటుంది. కరెంటు వృథా సంగతి మాత్రం జనం అనుకునేంత లేదు. ప్యాడ్ దారిలో పావు వంతు పోయినా, రోజుకో బ్యాటరీ చొప్పున ఏడాదికి రెండున్నర యూనిట్ల లోపే. ఒక టీ ఖర్చు. డబ్బుగా పోతే పర్వాలేదు గానీ అది వేడిగా పోతుంది, రాయలసీమలో తంటా అక్కడే.

లిథియం అయాన్ బ్యాటరీకి వేడి పడదు. వేడిలో ఛార్జింగు పెట్టేకొద్దీ దాని ఆయుష్షు తరుగుతుంది. యాపిల్ సంస్థ తన ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడుకోమని చెబుతుంది. కడప జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఎండ 40 డిగ్రీలు దాటడం వార్త కాదు, దాటకపోతే వార్త. 0 డిగ్రీలు ఇక్కడ ఫ్రిజ్జులో ఐసు గడ్డకు తప్ప ఎవరికీ పరిచయం లేదు. ఇలాంటి గదిలో ప్యాడ్ వేడి, ఫోను వేడి, మిద్దె వేడి మూడూ కలుస్తాయి. బుద్ధున్న ఫోను మొదట వేగం తగ్గిస్తుంది, తర్వాత ఛార్జింగే ఆపేస్తుంది. మధ్యాహ్నం రెండింటికి 40 శాతంతో పడుకున్న ఫోను నాలుగింటికి 43తో లేస్తుంది, వీపు మీద కారం దోసె వేసుకోవచ్చు. ఈ బాధ చూసి 50 వాట్ల ప్యాడ్లలో చిన్న ఫ్యానే అమర్చారు. ఆ ఫ్యాను ఎండాకాలంలో గదిలోని వేడి గాలినే లాక్కుని ఫోను మీదికి ఊదుతుంది. అప్పుడు ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానును ప్యాడ్ వైపు తిప్పాలా, పెద్దాయన వైపు తిప్పాలా అన్నది ఇంటి పెద్దలు తేల్చుకోవలసిన విషయం.

వేడి తర్వాతి అడ్డంకి ఫోను కవరు. కంపెనీల దృష్టిలో కవరు ఫోనును కాపాడేది, జనం దృష్టిలో అది పర్సు. సగటు ఫ్లిప్ కవరులో ఏటీఎం కార్డు, మడిచిన అయిదు వందల నోటు, ఎప్పటిదో బస్సు టిక్కెట్టు, పాప పాస్‌పోర్టు సైజు ఫొటో, ఆధార్ జిరాక్స్, గుళ్లో ఇచ్చిన కుంకుమ పొట్లం, రాములవారి ఇత్తడి డాలరు ఉంటాయి. మామూలు ప్యాడ్ల అయస్కాంత క్షేత్రం మూడు, నాలుగు మిల్లీమీటర్ల మందం దాకా ఓర్చుకుంటుంది, ఈ ఆస్తి అంతకు మించుతుంది. నోటు, ఫొటో మందం పెంచడం తప్ప హాని చేయవు. కార్డులోని చిప్పుకు ప్రమాదం ఉంది. లోహం ముక్క ఉంటే అందులో సుడి కరెంట్లు పుట్టి అది కాలుతుంది. అందుకే చీ ప్రమాణంలో అడ్డువచ్చిన వస్తువును కనిపెట్టే ఏర్పాటు పెట్టారు. అనుమానం రాగానే ప్యాడ్ ఎర్ర దీపం వెలిగించి పని మానేస్తుంది. డాలరు మీద ఎవరి బొమ్మ ఉన్నా ప్యాడ్‌కు భక్తి లేదు. వేలు దూర్చుకునే స్టీలు రింగును వీపు మీద అతికించుకున్న యువకుల పరిస్థితీ అంతే.

ఇక వాడకం. వైరు పొడవు మీటరు. ఆ మీటరు పరిధిలో మనిషి కూర్చోవచ్చు, ఒరగవచ్చు, గల్ఫ్‌లో ఉన్న కొడుకుతో వీడియో కాల్ మాట్లాడవచ్చు. ప్యాడ్ మీది ఫోనును చేతిలోకి తీసుకున్న క్షణమే ఛార్జింగు బంద్. అంటే కట్టేసిన ఫోను మీటరు దూరం తిరుగుతుంది, కట్లు విప్పిన ఫోను ఉన్నచోటే ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో ఇదొక సుగుణం అనేవాళ్లూ ఉన్నారు. ఒంటిమిట్ట కల్యాణం రాత్రి వేలమంది ఒకేసారి తలంబ్రాల వీడియో తీస్తూ బ్యాటరీ ఖాళీ చేసుకునే చోట ప్యాడ్ ఎందుకూ కొరగాదు, అక్కడ పవర్ బ్యాంకుదే రాజ్యం. 2023లో ప్రకటించిన చీ 2 ప్రమాణం చుట్టల చుట్టూ అయస్కాంతాల వలయం పెట్టి, పవర్ బ్యాంకు ఫోను వీపుకు అతుక్కునేలా చేసింది. నడుస్తూ మాట్లాడవచ్చు. బడ్జెట్ ఫోనుకు ఆ వలయం ఇంకా రాలేదు.

ఇన్ని లోపాలున్నా ఈ సౌకర్యం నిజంగా అవసరమైనవాడు చవక ఫోనువాడే. ఖరీదైన ఫోను రెండేళ్లకే మారిపోతుంది, దాని పిన్ను రంధ్రం పెళ్లినాటి మెరుపుతోనే చేయి మారుతుంది. చవక ఫోను కొడుకు దగ్గర మూడేళ్లు, నాయన దగ్గర రెండేళ్లు, ఆపైన అవ్వ దగ్గర ఊపిరి ఉన్నంతకాలం పనిచేయాలి. సి పిన్ను రంధ్రం పది వేల సార్లు గుచ్చినా తట్టుకునేలా తయారవుతుంది. ఆ పది వేల పరీక్ష జరిగేది దుమ్ములేని గదిలో. చొక్కా జేబులోని నూలుపోగులు, హైవే దుమ్ము, వైరు పట్టి ఫోనును లాగే పిల్లలు ఆ పరీక్షలో ఉండరు. కొన్నాళ్లకు రంధ్రం వదులవుతుంది. అప్పటినుంచి ఛార్జింగు ఒక విద్య. వైరును ఎడమకు వంచి, కింద అగ్గిపెట్టె పెట్టి, రబ్బరు బ్యాండు చుట్టి, బాణం గుర్తు వెలగగానే ఇంటిల్లిపాదికీ హెచ్చరిక జారీ అవుతుంది: “ఇప్పుడే ఎక్కుతాంది, ఎవురూ ముట్టుకోగాకండి!” ఈ ఇంటికి కావలసింది ప్యాడ్. ప్యాడ్ అమ్మేది రంధ్రం బాగున్న ఇంటికి.

మధ్యేమార్గంగా బజారులో ఒక రిసీవర్ రేకు దొరుకుతుంది. పలుచటి అట్టలాంటి దాంట్లో రాగి చుట్ట, చివర ఒక తోక, తోకకు సి పిన్ను. రేకును వీపుకూ కవరుకూ మధ్య దాచి తోకను రంధ్రంలో గుచ్చితే ఏ ఫోనైనా వైర్‌లెస్ అయిపోతుంది. ఎక్కువగా 5 వాట్ల వేగం. రంధ్రం పాడైనవాడికి ఇది పనికిరాదు, ఎందుకంటే గుచ్చవలసింది ఆ రంధ్రంలోనే. బాగున్నవాడికి ఇది అక్కర్లేదు. ఎప్పుడూ గుచ్చి ఉంచితే రంధ్రంలోకి దుమ్ము పోదన్న లాభం మాత్రం ఒప్పుకోవాలి.

బడ్జెట్ ధరలోకి వైర్‌లెస్ ఛార్జింగు నిజంగా వస్తున్నది పాత ఫోన్ల దుకాణం దారిలో. శాంసంగ్ ఎస్ వరుసలో 2015 నాటి ఎస్ 6 నుంచి, ఐఫోన్లలో 2017 నాటి 8 నుంచి ఈ చుట్ట ఉంది. ఊరి పెళ్లిళ్లలో ఫొటోలకు బాగుంటుందని కొత్త చవక ఫోను ధరకే పాత ఐఫోన్ కొనేవాళ్లకు చుట్ట ఉచితంగా వస్తుంది. కొనేటప్పుడు చూసుకోవలసింది ఒకటుంది. పగిలిన వీపు గాజును ఎవరైనా మార్చి ఉంటే, ఆ పనిలో చుట్ట తెగి ఉండవచ్చు. పైకి తెలియదు, ప్యాడ్ మీద పెట్టి చూస్తేనే తెలుస్తుంది. పరీక్షకు ప్యాడ్ ఉందా అని అడిగితే దుకాణం కుర్రవాడు వైరు గుచ్చి చూపిస్తాడు: “పిన్నుతో ఎక్కుతాంది గదన్నా, ఇంగేం కావాల?”